గాలి స్ప్రింగు మీద పడే నింద

పాతబడిన ఎయిర్ సస్పెన్షన్ వాహనం గతుకుల్లో కుదుపుతూ, మలుపుల్లో ఒరిగిపోతూ ఉంటే నింద ముందుగా పడేది గాలి స్ప్రింగుల మీదనే. అయితే బరువును మోసి ఎత్తును నిలపడం మాత్రమే గాలి స్ప్రింగు బాధ్యత అనీ, ఊగిసలాటను అణచడం షాక్ అబ్జార్బర్ల వంతు అనీ, ఇరుసును దాని స్థానంలో పట్టి ఉంచడం రాడ్ల, వాటి కీళ్లలోని బుష్‌ల వంతు అనీ గుర్తించనిదే మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో తేలదు. ఈ పని విభజనను పరిశీలించడానికి 1994లో బ్రిటన్‌లో విడుదలైన రెండో తరం రేంజ్ రోవర్, అంటే ఔత్సాహికులు పి38ఏ అని పిలుచుకునే వాహనం, చక్కని ఉదాహరణ.

గాలి స్ప్రింగు అంటే దారపు పొరలతో బలపరిచిన రబ్బరు సంచిలో బంధించిన గాలి. ఉక్కు స్ప్రింగు బిగువు దాదాపు మారనిది కనుక నిండు బరువును మోయగలిగేలా తయారైన స్ప్రింగు ఖాళీ బండిని ఎగరేస్తుంది. గాలి స్ప్రింగులో బరువు పెరిగినప్పుడు ఎత్తును నిలపడానికి మరికొంత గాలి లోపలికి చేరి, పీడనంతో పాటు బిగువు కూడా పెరుగుతుంది కాబట్టి బండి ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా దాని సహజ పౌనఃపున్యం, అంటే ఒకసారి కదిలించి వదిలేస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, పెద్దగా మారదు. మెత్తగా నడిచే వాహనాల్లో ఈ లెక్క ఒకటికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మనిషి శరీరాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే నిలువు కదలికలు. కమాన్ కట్టల బస్సులో కూర్చున్న ప్రయాణికుడికీ, 2001 తర్వాత భారతదేశపు రోడ్ల మీదికి వచ్చిన గాలి స్ప్రింగుల వోల్వో బస్సులో కూర్చున్న ప్రయాణికుడికీ ఒకే రోడ్డు వేరుగా తోచడానికి ముఖ్య కారణాల్లో ఈ పౌనఃపున్యపు తేడా ఒకటి.

బస్సులో ఎత్తును కనిపెట్టేది సాధారణంగా ఇరుసుకు మీటతో కలిపిన లెవలింగ్ వాల్వ్. రేంజ్ రోవర్‌లో ఆ పని చక్రానికొకటి చొప్పున ఉన్న నాలుగు సెన్సార్లు, వాటిని చదివే ఒక కంప్యూటర్ చేస్తాయి. కంప్రెసర్ గాలిని ట్యాంకులో నింపుతుంది, వాల్వ్ బ్లాక్ దాన్ని నాలుగు మూలలకూ పంచుతుంది, అవసరాన్ని బట్టి బండి ఐదు ఎత్తుల్లో ఏదో ఒకదాని మీద నిలుస్తుంది, హైవే వేగంలో స్థిరత్వం కోసం సుమారు ఒక అంగుళం కిందికి దిగుతుంది. ఇన్ని భాగాలున్నా, వయసు మీరిన బండిలో తొలి జబ్బు గాలి కారడమే: మడతల దగ్గర పగిలిన రబ్బరు సంచి నుంచో, వాల్వ్ బ్లాక్‌లో గట్టిపడిన రబ్బరు రింగుల నుంచో గాలి జారిపోతుంది, లోటును పూడ్చడానికి కంప్రెసర్ అదే పనిగా తిరిగి అరిగిపోతుంది. కారడాన్ని ఆపకుండా కంప్రెసర్‌ను మార్చడం కొత్తదాన్ని కూడా అదే దారిన పంపడమే.

కారుతున్న చోటును పట్టుకోవడంలో ఒక మెలిక ఉంది. ఆపి ఉంచిన బండిలో కంప్యూటర్ కొన్ని గంటలకోసారి మేల్కొని, అన్నిటికంటే కిందికి దిగిన మూలకు సమంగా మిగిలిన మూడింటినీ దించుతుంది కనుక తెల్లవారేసరికి బండి అంతా కూలబడినట్టు కనిపిస్తుంది. ఆ మేల్కొలుపును నడిపించే రిలేను తీసి, నాలుగు మూలల ఎత్తునూ కొలిచి రాత్రంతా వదిలేస్తే దోషి మూల మాత్రమే దిగుతుంది. ఆపైన సబ్బు నీళ్ల బుడగలు మిగతా సంగతి చెబుతాయి.

కారడం ఆగాక చూడవలసింది ఎత్తుల లెక్క. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట నాలుగు కాళ్ల మంచం రెండు మూలల మీదే బరువు మోపినట్టు, సెన్సార్లు అరిగి ఎదురెదురు మూలల్లో తప్పుడు ఎత్తు చూపితే ఒక జత స్ప్రింగులు తమ వంతుకు మించిన బరువు మోస్తాయి, రెండో జత తేలికపడుతుంది, ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో మరోలా బండి ప్రవర్తిస్తుంది. మొత్తం ఎత్తు ఎక్కువైతే ముందు ఇరుసును పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్‌ల కోణం మారి, స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వచ్చే గుణం తగ్గుతుంది. తక్కువైతే ఇరుసు రబ్బరు దిమ్మలకు తగిలి దెబ్బ నేరుగా శరీరానికి చేరుతుంది. చదునైన నేల మీద కొలిచి సెన్సార్లను తిరిగి సరిదిద్దడం చాలామంది దాటవేసే పని, కానీ కొత్త భాగాల ఖర్చు అవసరంలేని మెరుగుదల ఇక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాతే షాక్ అబ్జార్బర్ల వంతు వస్తుంది. అవి నూనెను సన్నని రంధ్రాల గుండా తోసి కదలికను వేడిగా మారుస్తాయి. నీరసించినప్పుడు పెద్ద అల మీద బండి రెండు మూడు సార్లు ఊగుతుంది, దాన్ని చూసి గాలి ఎక్కువైందనుకునేవారు ఉంటారు. ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ బుష్ వదులైతే స్టీరింగ్ తిప్పినదానికీ బండి తిరిగినదానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది, రేడియస్ ఆర్మ్ బుష్‌లు అరిగితే బ్రేకు నొక్కగానే బండి దారి తప్పుతుంది. వీటిని గట్టి పాలీయురేథేన్ బుష్‌లతో మారిస్తే స్టీరింగ్ చురుకవుతుంది గానీ చిన్న అదురులు లోపలికి చేరతాయి కనుక సౌఖ్యం కోరేవారికి రబ్బరే తగినది. టైర్ల విషయంలోనూ ఇదే బేరం: 16 అంగుళాల చక్రం మీది 255/65 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 166 మిల్లీమీటర్లు కాగా, 18 అంగుళాల చక్రం మీది 255/55 టైరుకు అది 140 మాత్రమే, ఆ తేడా ప్రతి చిన్న గుంతలోనూ తెలుస్తుంది.

ఇన్ని తిప్పలు ఎందుకని గాలి సంచులను తీసేసి ఉక్కు కాయిల్ స్ప్రింగులు బిగించుకోవడం కొత్త ధోరణి కాదు. 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ యజమానుల్లో చాలామంది గాలి కారే చిక్కు భరించలేక అదే చేశారు. విడిభాగాలు దొరకని చోట, ఎప్పుడూ ఒకే బరువుతో తిరిగే బండికి అది సమంజసమే కావచ్చు, కానీ దానితో ఎత్తు మార్చుకునే వీలూ, బరువు పెరిగినా నడక మారని గుణమూ పోతాయి, నీరసించిన షాక్ అబ్జార్బరూ వదులైన బుష్షూ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కాయిల్ బిగించాక బండి బాగుపడిందనిపించిన సందర్భాల్లో తరచుగా దాని వెంటే కొత్త షాక్ అబ్జార్బర్లు కూడా వచ్చి ఉంటాయి కనుక మెరుగుదల దేనివల్ల కలిగిందో విడదీసి చెప్పడం కష్టం. ఏ భాగాన్నైనా మార్చడానికి ముందు వాహనాన్ని తయారైననాటి ఎత్తుకూ, పీడనానికీ, బిగువుకూ తెచ్చి ఒకసారి నడిపి చూడడం, ఒక విడతలో ఒక్క మార్పే చేయడం పాటించినవారికే ఏ భాగానికి డబ్బు పెట్టాలో తెలుస్తుంది.