తొలి ప్రతి, అసంపూర్ణ ప్రతి

తొందరపడి అచ్చువేశారన్న ఆరోపణ మన సాహిత్యంలో కొత్తది కాదు. ఇంటరాక్టివ్ ఫిక్షన్ అనే ప్రక్రియలో మాత్రం దానికి వేరే అర్థం ఉంది. ఇక్కడ కథ తెరమీద ఒక గదిని వర్ణిస్తుంది. పాఠకుడు 'దీపం తీసుకో', 'తలుపు తెరువు' అని టైపు చేస్తాడు. కథ దానికి బదులు చెబుతుంది. విల్ క్రౌథర్ మొదలుపెట్టగా 1977లో డాన్ వుడ్స్ పెంచిన 'అడ్వెంచర్'తో ఈ ప్రక్రియ పుట్టిందని చెప్పడం పరిపాటి.

వారపత్రికలో ధారావాహిక అసంపూర్ణమైతే ఆ లోటు చివర ఉంటుంది. పన్నెండో ప్రకరణం ఇంకా రాయలేదన్నది పదకొండోది చదివేవాడికి అడ్డు కాదు. ఇంటరాక్టివ్ ఫిక్షన్‌లో లోటు అంతటా పరుచుకుని ఉంటుంది. గోడకు కిటికీ ఉందని వర్ణించి, పాఠకుడు కిటికీ చూడబోతే 'అటువంటిది ఇక్కడ లేదు' అంటే, రచయిత తన వాక్యాన్ని తానే కాదన్నట్టు. పాఠకుడు మొదటి గదిలోనే ఆగిపోతాడు. పైగా ఈ కథలు చాలావరకు చిక్కుముడులమీద నడుస్తాయి. ఒకసారి విప్పిన పొడుపుకథ రెండోసారి పొడుపుకథగా మిగలదు. సగం కథతో పాఠకుడి మొదటి పఠనాన్ని వాడుకున్న రచయితకు అది మళ్ళీ దొరకదు.

ఆండ్రూ ప్లాట్కిన్ 'హేడియన్ లాండ్స్' సంగతి చూడండి. 2010 నవంబరులో ఆయన కిక్‌స్టార్టర్ ద్వారా 8,000 డాలర్లు అడిగితే 31,000 పైచిలుకు వచ్చాయి. రుచి చూపడానికి చిన్న భాగం ఒకటి ఇచ్చాడు. అసలు కృతి 2014 అక్టోబరు చివర గాని వెలువడలేదు. సగం కృతి ఇచ్చి చందాదారులను ఊరడించవచ్చు గదా అనిపిస్తుంది. నిర్మాణం చూస్తే ఆ వీలు లేదు. చెడి నిలిచిపోయిన అంతరిక్ష నౌకలో రసవాద విద్యార్థిగా మనం క్రతువులు నేర్చుకుంటాం. ఒక క్రతువును ఒకసారి మెట్టుమెట్టుగా చేస్తే చాలు. ఆ తర్వాత పేరు చెబితే, దానికి కావలసిన ద్రవ్యం ఎక్కడుంది, ఆ ద్రవ్యానికి ముందు మరే క్రతువు చెయ్యాలి, ఏ తలుపు తియ్యాలి అని కథే వెనక్కి లెక్కకట్టి అన్నీ నడిపిస్తుంది. కొత్త క్రతువు ఒకటి చేరితే పాతవాటి లెక్కలన్నీ సరిచూడాలి. ఇటువంటి కట్టడాన్ని సగంలో చూపితే పాఠకుడు చూసేది వేరే కృతిని. నా మట్టుకు ఆ నాలుగేళ్ళనూ ఆలస్యం కింద జమకట్టను. డబ్బిచ్చినవారు ఒప్పుకోకపోవచ్చు.

'కన్యాశుల్కం' 1897లో ఒక రూపంలో, 1909లో మరో రూపంలో రాలేదా అని మన విద్యార్థులు అడగవచ్చు. వచ్చింది. కాని 1897 నాటిది తొలి ప్రతి, అసంపూర్ణ ప్రతి కాదు. 1892లోనే విజయనగరంలో తెర లేచి తెర పడిన నాటకం అది. మైకేల్ జెంట్రీ 'యాంకర్‌హెడ్' కూడా 1998లో పూర్తి కృతిగా వచ్చి, 2018లో తిరగరాసి బొమ్మలతో వెలువడింది. ముగించినదాన్ని తిరగరాయడం వేరు, ముగించనిదాన్ని వదలడం వేరు.

తెలుగులో ఈ పని ఇంకా కష్టం. ఇంగ్లీషు కథకు 'లాంప్' అన్న ఒక్క మాట నేర్పితే సరిపోతుంది. తెలుగు కథకు దీపం, దీపాన్ని, దీపంతో, దీపంలో అన్నీ నేర్పాలి. తీసుకో, తీసుకోండి, ఎత్తు, పట్టుకో అన్నీ రావాలి. (క్రిస్ క్లైమస్ 2009లో తెచ్చిన ట్వైన్ వంటి సాధనాల్లో పాఠకుడు టైపు చెయ్యడు, ఇచ్చిన దారుల్లో ఒకటి ఎంచుకుంటాడు. కనుక అక్కడ ఈ బెడద లేదు.) దీనికి మాండలికాలు తోడు. కోస్తా రచయిత తన కథకు 'తాళం' నేర్పి ఊరుకుంటాడు. కన్నడ సీమనానుకుని పెరిగిన పాఠకుడు 'బీగం తియ్యి' అంటాడు. 'ఆ మాట నాకు తెలియదు' అంటుంది కథ. అచ్చు నవలలో తాళం అని ఉంటే ఆ పాఠకుడు అర్థం చేసుకుని ముందుకు పోయేవాడు, అతని మాటను ఎవరూ తిప్పికొట్టేవారు కాదు. ఇక్కడ కథే అతని తెలుగును కాదంటోంది. మీ తెలుగు తెలుగేనా అన్న ఎకసెక్కం విన్నవారికి ఈ బదులు ఎలా తగులుతుందో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

కనుక విడుదలకు ముందు హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, వారు టైపు చేసిన ప్రతి మాటా దాఖలయ్యేలా చూడాలి. ఏ మాటకు కథ నోరు మూసుకుందో గుర్తించి చేర్చాలి. నిఘంటువు చూసి చేర్చవచ్చు గదా అంటే, భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో సేకరించినది. ఎల్లలకు ఈవల మన ఇళ్ళలో పలికే మాటలను మననే అడిగి రాసుకోవాలి.