గిజిగాడి అల్లిక, గోడమీది నాచు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి ఏపుగా పెరిగిందంటే మగ గిజిగాడికి తీరిక ఉండదు. వరి ఆకు అంచును ముక్కుతో కాస్త కొరికి, ఆ చివర పట్టుకుని ఎగురుతుంది. ఆకు నిలువునా చీలి, సన్నటి పోగు దాని వెంట వచ్చేస్తుంది. పోగు పచ్చిగా ఉండాలి, ఎండినది వంచితే విరిగిపోతుంది. తుమ్మకొమ్మ మీద పోగును కాలితో అదిమిపట్టి, ముక్కుతో చుట్టి, దూర్చి, లాగి ముడి బిగిస్తుంది. ముందు కడియంలాంటి చుట్టు, తర్వాత పైకప్పు, గుడ్ల కోసం ఒక అర. ఇలా వందల సార్లు తిరగాలి. సగం గూడు కట్టి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి చూడాలి. దానికి నచ్చితేనే మగది కింది గొట్టం అల్లుతుంది. ఆ ఆడపిట్ట గుడ్లు పెట్టాక మగది ఇంకో గూడు మొదలుపెట్టి మరో జోడీ వెతుక్కుంటుందని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో బొంబాయి దగ్గరి కిహిమ్‌లో గమనించారు. కవి జాషువా పద్యాలు రాసింది ఈ పిట్ట మీదే. ఆ మెప్పు దానికి తగినదే.

నాచును మాత్రం ఎవరూ మెచ్చుకోగా వినలేదు. సిమెంటు ఫ్యాక్టరీలకు రాయినిచ్చే ఈ సున్నపు నేలల్లో, తడి తగిలే పాత గోడల మీద పెరిగే నాచుల్లో హయోఫిలా ఇన్వొల్యూటా ఒకటి. దీనికి వేళ్లు లేవు, రాయిని పట్టుకోవడానికి నూలు పోగుల్లాంటివి మాత్రం ఉంటాయి. నడిమి ఈనె తప్పిస్తే ఆకు మందం ఒకే ఒక్క కణం. ఎండ ముదిరితే ఆకు అంచులు లోపలికి చుట్టుకుంటాయి, మొక్క నల్లబడి చచ్చినట్టే కనిపిస్తుంది. తడి తగిలిందా, క్షణాల్లో ఆకులన్నీ విచ్చుకుని పచ్చబడతాయి. గిజిగాడి పోగు ఒకసారి ఎండితే మళ్లీ వంగదు. ఈ ఆకు ఎన్నిసార్లు ఎండినా వంగుతుంది, విచ్చుకుంటుంది. పనితనంలో నా ఓటు అందుకే నాచుకి.

ఇంకో నేర్పు కూడా ఉంది. ఆకుల పంగల్లో నక్షత్రాల్లాంటి మొలకగుళికలు పుట్టిస్తుంది. వాననీరు వాటిని కడుక్కుపోతే, నిలిచిన చోట సిద్ధబీజం అక్కర్లేకుండానే కొత్త మొక్క లేస్తుంది. గిజిగాడి అల్లిక చూడటానికి వానాకాలం రావాలి. నాచుకి ఏ కాలమైనా ఫరవాలేదు: ఎండిన గోడ మీద చారెడు నీళ్లు చల్లి, భూతద్దం దగ్గరగా పెట్టి చూడండి.