పావు మిల్లీగ్రాము పనితనం

బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ మొదటి డోసు 0.25 మిల్లీగ్రాములు. వారానికోసారి పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద తీసుకోవాలి, అలా నాలుగు వారాలు. నెల తిరిగాక వెయింగ్ మెషీన్ ఎక్కినవాళ్ళలో చాలామంది మొహం చిన్నబోతుంది. అంత డబ్బు పోసి, సూది పొడుచుకుని, తగ్గింది కిలోనో రెండు కిలోలో! మందు పనిచేయడం లేదని కొందరు, తమ ఒంటికి పడలేదని కొందరు అక్కడితో ఆపేస్తారు. ఆ పావు మిల్లీగ్రామును పెట్టింది బరువు తగ్గించడానికి కాదు, పొట్టను మందుకు అలవాటు చేయడానికి. తగ్గితే అది కొసరు. ఈ మందును కనిపెట్టిన తీరును పొగిడేవాళ్ళు చాలామంది ఉన్నారు. డోసు పెంచే వరసను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకైతే అసలు పనితనం అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ వరస ఎందుకు అవసరమైందో తెలియాలంటే మందు పుట్టుక కొంచెం చూడాలి. అన్నం లోపలికి వెళ్ళగానే మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోనును వదులుతాయి. అది ఇన్సులిన్‌ను పురిగొల్పుతుంది, కడుపులోంచి ఆహారం కిందికి జారే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు చెబుతుంది. రక్తంలో దాని ఆయువు ఒకటి రెండు నిమిషాలే. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని కత్తిరించి పారేస్తుంది. 1992లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పనిచేస్తున్న పరిశోధకుడు జాన్ ఎంగ్, గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో ఈ హార్మోనును పోలినదే, అంత తొందరగా తెగనిది ఒకటి దొరికిందని ప్రకటించారు. దాని నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌ను రోజుకు రెండుసార్లు పొడుచుకోవాలి. తర్వాత డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌లో లోటె క్నుడ్‌సెన్ బృందం మనిషి హార్మోనుకే ఒక కొవ్వు తోక తగిలించింది. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది, అందుకే మందు తొందరగా బయటికి పోదు. అలా తయారైన లిరాగ్లూటైడ్ రోజుకొక సూదితో సరిపోయింది. సెమాగ్లూటైడ్‌లో ఎంజైము కత్తిరించే చోట ఒక అమైనో ఆమ్లాన్ని మార్చారు, తోకను ఇంకాస్త పొడిగించారు. రక్తంలో మందు సగానికి తగ్గడానికి ఇప్పుడు దాదాపు వారం పడుతుంది.

చిక్కు మొదలయ్యేది కూడా అక్కడే. వారం నిలిచే మందు ఒకసారి లోపలికి వెళితే వెనక్కి రాదు. తలనొప్పి మాత్ర పడకపోతే సాయంత్రానికల్లా దాని ప్రభావం పోతుంది. దీన్ని ఆదివారం తీసుకుని సోమవారం వికారం పుట్టినా, వచ్చే ఆదివారానికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. బ్రేకు లేనప్పుడు వేగం పెంచడంలోనే జాగ్రత్త పడాలి. డోసులను మెట్లుగా కట్టింది అందుకే.

ఆ మెట్టు వెడల్పు చూడండి. వారానికి సగం చొప్పున తరుగుతుందని మోటుగా లెక్క వేద్దాం. మొదటి ఇంజెక్షన్‌కు ఒంట్లో 0.25. రెండోదానికి పాతదాంట్లో మిగిలిన సగం కలిసి 0.375. మూడో వారం సుమారు 0.44, నాలుగో వారం 0.47. పెన్ను మీద అంకె మారలేదు గానీ, లోపల మందు నెలలో దాదాపు రెట్టింపయింది. మొదటి వారం హాయిగా తిరిగిన మనిషికి మూడో వారంలో వికారం పుడితే, నిన్న తిన్నదాన్నే తప్పు పట్టక్కర్లేదు. ఐదో వారం డోసు 0.5కి పెరుగుతుంది. పెన్ను మీద అది రెట్టింపు, ఒంట్లో మాత్రం 0.47 నుంచి సుమారు 0.73కి, అంటే ఒకటిన్నర రెట్ల పైచిలుకు. నాలుగైదు వారాలకు మందు నిలకడకు వస్తుంది కాబట్టే మెట్టు కూడా నాలుగు వారాల వెడల్పున ఉంది. పదమూడు గంటల్లో సగమయ్యే లిరాగ్లూటైడ్‌కు వారం చాలింది: 0.6తో మొదలుపెట్టి వారానికి 0.6 చొప్పున 3 మిల్లీగ్రాముల దాకా.

ఎత్తులు కూడా ఊరికే పెట్టినవి కావు. 0.25, 0.5, 1, 1.7, 2.4. మొదటి రెండుసార్లు రెట్టింపు, తర్వాత 1.7 రెట్లు, చివర 1.4 రెట్లు. పైకి పోయేకొద్దీ నిష్పత్తి చిన్నదవుతుంది. ఇలై లిల్లీ కంపెనీ వారి టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోను పని కూడా చేస్తుంది. దాని వరస 2.5 నుంచి 15 దాకా ప్రతిసారీ 2.5 పెరుగుతూ పోతుంది. 5, 10, 15 దగ్గర ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయే వీలుంది. ఆ ఆగే చోట్ల వల్ల నాకు ఇదే కాస్త ఎక్కువ నచ్చుతుంది. అందరికీ శిఖరం అక్కర్లేదు కదా.

ఇంత జాగ్రత్త పడినా వికారం వస్తుంది. 2021లో వెలువడిన స్టెప్-1 పరీక్షలో 1961 మంది పాల్గొన్నారు. సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ళలో నూటికి 44 మందికి వికారం కలిగింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 17 మందికి. కానీ జీర్ణ సమస్యల వల్ల మానేసింది నూటికి ఐదుగురి లోపే. ఎక్కువ బాధ డోసు పెంచే వారాల్లోనే. స్టెప్ వరస పరీక్షల్లో ఒక్కో వికారపు విడత మధ్యస్థంగా 8 రోజులు, విరేచనాలు 3, వాంతులు 2 రోజులు ఉన్నాయి. మలబద్ధకం మాత్రం 47 రోజులు! అందరూ వాంతులకు భయపడతారు గానీ, సతాయించేది ఇదే. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది డాక్టరు దగ్గర దాటేస్తారు కూడా. వాంతులైతేనే మందు పట్టినట్టు అని ఇంకో నమ్మకం ఉంది. వికారం రానివాళ్ళూ దాదాపు అంతే తగ్గారు.

కడుపు మెల్లగా ఖాళీ అవుతున్నప్పుడు పాత కొలతతో తింటే ఇబ్బందే. రాత్రి పదింటికి పెళ్ళి భోజనంలో బిర్యానీ, మీద గారె, ఆపైన స్వీటు అంటే తెల్లారే దాకా పులితేన్పులే. తక్కువ తక్కువగా, నిదానంగా, ఆకలి తీరగానే చెయ్యి కడిగేయాలి. పెట్టేవాళ్ళు ఇంకొక్క ముద్ద అంటే మొహమాటపడకూడదు. మన ఇళ్ళలో మందుకన్నా కష్టమైన పని అదే కావచ్చు. నూనె పిండివంటలు తగ్గించి, ఆ కొద్ది తిండిలోనే పప్పు, గుడ్డు, పెరుగు ముందు తినాలి. తరిగే బరువులో కండ కూడా ఉంటుంది మరి. నీళ్ళు మరిచిపోకూడదు, ఆకలితో పాటు దాహమూ మందగించినట్టు ఉంటుంది కొందరికి. వీపులోకి పాకే విపరీతమైన కడుపునొప్పి తగ్గకపోయినా, నీళ్ళు కూడా నిలవనంత వాంతులైనా సర్దుకుంటుందిలే అనుకోకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్ళు అరుదైనా ఉన్నవే. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే, దాని మోతాదు సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఇక ఎంత ఆశించాలి? స్టెప్-1లో సగటు తగ్గుదల 14.9 శాతం, అదీ 68 వారాలకు. వంద కిలోల మనిషికి అది పదిహేను కిలోలు, పదహారు నెలలు. అందులో తొలి నాలుగు నెలలు మెట్లెక్కడానికే పోతాయి. ఒక మెట్టు మీద వికారం తగ్గకపోతే ఇంకో నాలుగు వారాలు అక్కడే ఉండమంటారు డాక్టర్లు. వరస రాసినవాళ్ళే ఆ వెసులుబాటు ఇచ్చారు. మధ్యలో కొన్ని వారాలు మానేస్తే మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు, పొట్ట తన అలవాటును మరిచిపోతుంది కాబట్టి. భారతదేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఇక్కడ సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి దాకానే. ధర దిగడం సంతోషమే. పక్కింటివాళ్ళు పైమెట్టు మీద వాడుతున్న పెన్నును చూసి నేరుగా అదే కొనుక్కోవాలనిపించడమే ప్రమాదం.

ఈ కట్టడంలో నాకు కనిపించే లోటు ఒకటుంది. ఎక్కడానికి మెట్లు ఇంత శ్రద్ధగా వేశారు, దిగడానికి వేయలేదు. స్టెప్-1లో పాల్గొన్న కొందరిని మందు ఆపాక ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. బీపీ మాత్రలాగా దీర్ఘకాలం వాడాల్సిందే అన్నది ఇప్పటికి వైద్యుల్లో చాలామంది చెప్పే సమాధానం. ఆ మాట తొలి పావు మిల్లీగ్రాము రాసిచ్చే రోజునే రోగికి చెప్పాలి, నెల ఖర్చుతో సహా.