మెట్ల మధ్య పలికే స్వరం

జపాన్ వాళ్ల పాత జాజ్ మనదాకా వచ్చిందంటే యూట్యూబ్ పుణ్యమే. సపోరోలో స్థిరపడ్డ రియో ఫుకుయి ఇరవై రెండేళ్లకు గానీ పియానో ముందు కూర్చోలేదు, అదీ గురువు లేకుండా. 1976లో ‘సీనరీ’ అని ఒక రికార్డు చేశాడు. నలభై ఏళ్ల తర్వాత దాన్ని లోకం లక్షల సంఖ్యలో వినడం మొదలుపెట్టింది. మైపాడు వైపు రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని కూడా వినొచ్చు, ఏరియేటర్ల హోరు ఓర్చుకుంటే.

ఫుకుయి బాగుంటాడు. అయితే అమెరికా వాళ్ల పాఠాన్ని శ్రద్ధగా అప్పజెప్పినట్టే ఉంటుంది నాకు. అరువు తెచ్చుకున్న వాద్యం ఎక్కడ మనదవుతుందో వినాలంటే ఇంకొంచెం పక్కకు జరగాలి.

జపాన్‌లో ఆ అరువు కథ పెద్దదే. విదేశీ రికార్డులు కొనే స్తోమత మామూలు జీతగాళ్లకు ఉండేది కాదు. అందుకని ‘జాజ్ కిస్సా’లు వెలిశాయి. ఒక కప్పు కాఫీ తీసుకుని, యజమాని కొని పెట్టిన రికార్డులు గంటల తరబడి వినొచ్చు. చాలాచోట్ల నోరెత్తకూడదు. యొకొహామాలో ‘చిగుసా’ అనే కిస్సాను 1933లో తెరిచారు. యుద్ధం రోజుల్లో జాజ్‌ను శత్రువుల సంగీతమని నిషేధించారు. 1945 బాంబుదాడిలో చిగుసా రికార్డులతో సహా బూడిదైంది. తర్వాత అమెరికా సైన్యం దిగింది, వాళ్ల క్లబ్బుల్లో వాయిస్తూ ఒక తరం తయారైంది. మంచూరియాలో పుట్టి, బెప్పు ఊరి డాన్స్ హాల్లో పియానో వాయించిన తోషికో అకియోషి ఆ తరం మనిషే. 1956లో బోస్టన్‌లోని బర్క్‌లీ స్కూల్లో చేరింది. యుద్ధం అయిపోయిందని నమ్మక దాదాపు ముప్పై ఏళ్లు ఫిలిప్పీన్స్ అడవిలో ఉండిపోయిన సైనికుడి కథ మీద 1974లో ఆమె కట్టిన ‘కొగున్’లో, అంత పెద్ద బ్యాండు మధ్యన నోహ్ నాటకం డోలు, గొంతు వినిపిస్తాయి.

నాకు మాత్రం 1970 నాటి ‘గింకాయ్’ ఇంకా ఇష్టం. అందులో హోజాన్ యమమోతో షాకుహాచి ఊదుతాడు, మసబూమి కికుచి పియానో. షాకుహాచి అంటే నిలువుగా పట్టుకుని ఊదే వెదురు గొట్టం, దానికి ఐదే రంధ్రాలు. తక్కిన స్వరాలన్నీ రంధ్రాన్ని సగం మూసీ, గడ్డం దించీ ఎత్తీ రాబట్టాలి. గడ్డం దించితే శ్రుతి కిందికి వాలుతుంది, ఎత్తితే పైకి జరుగుతుంది. పియానోకి ఆ వెసులుబాటు లేదు. మెట్టు నొక్కితే ఉన్న శ్రుతే పలుకుతుంది. కికుచి అది ఎరిగినవాడు గనక తక్కువ వాయించి, వెదురు జారడానికి చోటు వదిలాడు. వాడుక జాజ్ పాటకి కోటో అనే జపాన్ తీగల వాద్యం తగిలించి ‘తూర్పు సొగసు’ అనిపించుకునే రికార్డులు చాలా ఉన్నాయి. అవి ముస్తాబు వరకే.

మనకీ ఇదే తగువు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బహిష్కరించి, 1971లో గానీ ఆంక్ష సడలించలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య స్వరం నడవదని, అంటే గమకం పలకదని అప్పటి ప్రధాన అభ్యంతరం. తోడి రాగం తీసుకోండి. అందులో గాంధారం ఒకచోట నిలవదు, అటు రిషభానికీ ఇటు మధ్యమానికీ ఊగుతూ ఉంటుంది. మెట్టు మీద నొక్కి వదిలిన గాంధారం లెక్కకు సరిపోవచ్చు, తోడికి సరిపోదు.

మాండలిన్‌కీ మెట్లే. పైగా జంట తీగలు నాలుగు వరసలు. జంటను కలిపి లాగడమంటే కాడికి కట్టిన రెండెద్దుల చేత ఒకే అడుగు వేయించడమే. మీటిన నాదమూ ఎక్కువసేపు నిలవదు. అలాంటి వాద్యాన్ని పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో పట్టుకున్నాడు. తండ్రి సత్యనారాయణ మాండలిన్ అది. తర్వాత ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారి, జంటలు తీసేసి ఒంటి తీగలు వేశాడు. అవి చివరికి ఐదయ్యాయి. ఒంటి తీగ వేలికి లొంగుతుంది. ఆంప్లిఫయర్ నాదాన్ని పట్టి నిలుపుతుంది. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరేలోగా ఎడమచేతి వేలిని మెట్ల మీదుగా జారిస్తే రెండు మూడు స్వరాలు ఒకే ఊపిరిలో వస్తాయి.

తీగలు మార్చినంత మాత్రాన అయ్యే పని కాదిది. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు గనక గొంతు ఎక్కడికి పోతే వేలు అక్కడికి పోయింది. మాండలిన్ తెలిసిన గురువే దొరికి ఉంటే మెట్లు లెక్కపెట్టడం నేర్పేవాడేమో!

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. పద్నాలుగేళ్లవాడు కర్ణాటక సంగీతమే వాయించాడు, జాజ్ శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లకు రాగం పేరు తెలియకపోవచ్చు. అక్కడికక్కడ అల్లుకుంటూ పోయే మనోధర్మం వాళ్లకు కొత్త కాదు.

తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో కలిశాడు. 2000లో వచ్చిన వాళ్ల రికార్డు ‘ది బిలీవర్’ వినండి. వేగం ఎక్కువై పందెంలా మారిన చోట్లు నాకు విసుగే. శ్రీనివాస్ నింపాదిగా ఆలాపన ఎత్తుకున్న చోట మళ్లీ చెవి అక్కడే ఆగిపోతుంది. నలభై ఐదేళ్లకే, 2014 సెప్టెంబర్ 19న పోయాడు.

మెక్‌లాఫ్లిన్‌ది ఎదురు ప్రయాణం. 1970ల్లో వీణ నేర్చుకున్నాడు. వీణ మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడతాయి కాబట్టి తీగను నొక్కి లాగడానికి చోటుంటుంది. ఆ చోటు కోసం తన గిటార్ మెడ మీద మెట్టుకూ మెట్టుకూ మధ్య చెక్కను తొలిపించి, మొదటి ‘శక్తి’ బృందంలో అదే వాయించాడు.