మల్లెపాదు రాయి

సముద్రమువైపు వాలియున్న మా విశాఖపట్టణపు వీధిలో కారు నిలిపిన మా అన్నగారి కుమారుడు, హ్యాండ్ బ్రేకు లాగుటకు మారుగా, నా మల్లెపాదు గట్టునుండి ఒక రాతిని పెఱికి తెచ్చి చక్రమునకు అడ్డుపెట్టి, “అదెప్పుడో పోయింది బాబాయ్, అయినా ఎవరు వాడతారు దాన్ని!” అనినప్పుడు నాకు కలిగిన కోపము ఇంతింత కాదు. చేతిపని గూర్చి నా సణుగుడు ఎఱిగిన పాఠకులు తరువాతి కథ ఊహింపగలరు: మరునాటి ఉదయమే, మలుపు దాటి సమతలమున, అతని చేతికి స్పానరు ఇచ్చితిని.

అతని కారు వెనుక డిస్కుల నడిబొడ్డున చిన్న డ్రమ్ములును, వానిలో హ్యాండ్ బ్రేకు షూలును ఉన్నవి. పరుగెత్తు బండిని ఆపు పని డిస్కులది; నిలిచిన దానిని కదలనీయకుండుటయే వీనిది. విప్పి చూడగా లైనింగు అరుగనేలేదు. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టి, లైనింగు దానినుండి పెచ్చువలె ఊడివచ్చినది. అరిగి చచ్చిన షూలను పెక్కు చూచితిని గాని, పనిలేక చచ్చిన వానిని చూచుట అదియే మొదలు. ధూళిని నోటితో ఊదబోగా వారించి, తడిగుడ్డతో తుడిపించితిని.

క్రొత్త షూలు తొడిగినంతనే కేబులు బిగింపబోయెను. అందరును చేయు తప్పిదమదే! షూలకును డ్రమ్మునకును నడుమ ఎడమును ముందుగా సరిచేయక తీగను లాగినచో, షూలు తమ విశ్రాంతిస్థానమునకు చేరక ఎల్లప్పుడు రాచుకొనుచునే యుండును. పండ్లచక్రమును డిస్కు బిగియువఱకు త్రిప్పి, రాపిడి లేక తిరుగునంతగా కొన్ని పండ్లు వెనుకకు వదలి, పిమ్మటనే కేబులు జోలికి పోవలెను. ఆఱవ టిక్కుకు బ్రేకు పట్టినది.

ఇంతలో బాల్యమున మేనమామ లారీలో అనంతగిరి ఘాటు ఎక్కిన దినము జ్ఞప్తికి వచ్చినది. బండి ఆగీ ఆగకమునుపే క్లీనరు కఱ్ఱదిమ్మతో దూకి, చక్రము వెనుక దానిని త్రోసెడివాడు. బ్రేకు బాగుగనే యున్నదిగదా యని నేనడుగగా, “నేను బ్రేకును నమ్ముతానురా, వాడు నన్ను నమ్మడు” అని మామయ్య నవ్వెను.

నా యుపన్యాసమున నేను దాటవేసిన సంగతి యొకటి కలదు. హ్యాండ్ బ్రేకు బాగుచేయవలెనన్న మొదట దానిని వదలవలెను. ఉదయమంతయు, జాకీపై వెనుకభాగమెత్తిన ఆ కారును ముందుచక్రముకడ పట్టి నిలిపినది ఆ రాయియే.

పని ముగిసి, దానిని మల్లెపాదుకు చేర్చబోవుచున్న వానిని ఆపి, డిక్కీలో పెట్టించితిని. గట్టున ఆ సందు నేటికిని అట్లే యున్నది.