బ్రేకు దగ్గరి చిన్న స్విచ్చి

పోయిన ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మేనల్లుడి వీడియో కాల్. "మావయ్యా, పట్టుకుంది! 60 మైళ్ల దగ్గర పెట్టి కాలు తీసేశా, ముల్లు కదిలితే ఒట్టు!"

వాడిది పాతికేళ్లు దాటిన కారు. కాలు తీసేసినా పెట్టిన వేగాన్ని నిలబెట్టే క్రూజ్ కంట్రోల్ లేని చవక రకం. అదే మోడల్లో ఖరీదు రకం ఒకటి తుక్కు యార్డులో కనబడితే, పానాలు పట్టుకెళ్లి వాక్యూమ్ డబ్బా, కేబుల్, స్టీరింగ్ పక్కన ఉండే మీట, కంట్రోల్ పెట్టె, బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్చి అన్నీ తనే విప్పుకొచ్చాడు. ఆ యార్డులో విప్పుకునే పని కొనేవాడిదే. మన ఆటోనగర్‌లోలా కుర్రాడు విప్పి చేతిలో పెట్టడు.

నాకెంత సంతోషమైందో ఈ కాలమ్ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. విప్పిన సామాను చచ్చిన సామాను కాదని ఎన్నేళ్లుగా రాస్తున్నాను! పైగా ఇది చేత్తో తడిమి తెలుసుకోగల యంత్రం. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్, డబ్బాలోని రబ్బరు పొరను లాగుతుంది, పొర కేబుల్‌ని, కేబుల్ థ్రాటిల్‌ని. వేగం తగ్గితే ఇంకాస్త లాగుతుంది, పెరిగితే వదులుతుంది.

"డాష్‌బోర్డు కింద ఏమీ కనబడదు మావయ్యా, గుడ్డివాడిలా తడుముతూ బిగించా" అన్నాడు. ఒరేయ్, క్రూజ్ కంట్రోల్‌ని కనిపెట్టినాయనే చూపులేనివాడురా అన్నాను.

ఆయన పేరు రాల్ఫ్ టీటర్. ఇండియానా రాష్ట్రం హేగర్స్‌టౌన్‌లో 1890లో పుట్టాడు. అయిదేళ్లప్పుడు కత్తి తగిలి ఒక కన్ను పోయింది, కొన్నాళ్లకి రెండోదీ పోయింది. అయినా ఇంజినీరింగ్ చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకల టర్బైన్ రోటార్లని వేళ్లతో తడిమి సమతూకం చేశాడు. అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు. ఆయన్ని కార్లో తీసుకెళ్లే లాయరొకాయన మాట్లాడేటప్పుడు వేగం తగ్గించి, వినేటప్పుడు పెంచేవాడట. ఆ కుదుపులు చూపున్నవాళ్లు పట్టించుకోకపోవచ్చు. కళ్లు లేని మనిషి ఒళ్లంతా పట్టించుకుంటుంది. అందులోంచే ఈ ఆలోచన వచ్చిందంటారు. 1950లో పేటెంటు, 1958లో క్రైస్లర్ కార్లలోకి. తను నడపలేని బండి కోసం ఆయన పెట్టిన ఈ శ్రద్ధ తలుచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కాల్ పెట్టేశాక మనసు ఆ బ్రేకు స్విచ్చి మీదే ఉండిపోయింది. బ్రేకు తొక్కగానే ఇంజిన్‌ని వదిలిపెట్టమని క్రూజ్ కంట్రోల్‌కి చెప్పేది అదే. 1999 నుంచి పదేళ్లలో ఫోర్డ్ కంపెనీ కోటికి పైగా బళ్లని వెనక్కి పిలిచింది ఇలాంటి స్విచ్చి కోసమే. లోపలి పొర చిరిగి బ్రేక్ ఆయిల్ కరెంటు వైపు కారితే, ఇంజిన్ ఆపి నిలబెట్టిన బండికి కూడా నిప్పంటుకునేది. వాడి కారు ఫోర్డ్ కాదు, వాడి స్విచ్చిలో ఆయిలూ ఉండదు. కానీ ఎవరి కారులోనో పాతికేళ్లు నలిగిన స్విచ్చి వాడి కాలి దగ్గర ఉంది.

ఆ రాత్రే మళ్లీ ఫోన్ చేశాను. డబ్బా, కేబుల్, మీట, పెట్టె పాతవే ఉండనీ. డబ్బాకి వాక్యూమ్ తెచ్చే రబ్బరు గొట్టాలూ, బ్రేకు స్విచ్చీ మాత్రం రేపే కొత్తవి కొని వెయ్యి, అంతదాకా మీట ముట్టుకోకు అన్నాను. పాత సామాను మీద నా నమ్మకం అలాగే ఉంది. ఆపే పని చేసే సామానుకి మాత్రం అది వర్తించదు. మీ ఇంట్లో ఎవరైనా పాత బండికి ఇలాంటిది బిగిస్తుంటే, కనీసం ఆ స్విచ్చి అయినా కొత్తది కొనమని చెప్పండి.