గది నంబరు తర్వాత చెప్తారట

సోమవారం పొద్దున్న మా బావమరిది ఫోన్‌కి టికెట్లు పంపాడు. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం, నాకూ మా ఆవిడకీ. 2022 జూన్‌లో ఎంప్రెస్ ఓడ విశాఖ వచ్చినప్పుడు దూరం నుంచి చూసింది మొదలు మా ఆవిడకి ఓడెక్కాలని కోరిక. సంతోషమే. కళ్లజోడు పెట్టుకుని టికెట్టు రెండుసార్లు చదివాను. పేర్లున్నాయి, పాస్‌పోర్టు నంబర్లున్నాయి, తేదీ ఉంది. గది నంబరు ఉండాల్సిన చోట మాత్రం మూడు ఇంగ్లీషు అక్షరాలు: జీటీవై.

"ఏట్రా ఇది?" అని ఫోన్ చేశాను.

"గ్యారంటీ రూమ్ బావా."

"మరి నంబరేదీ?"

"తర్వాత చెప్తారు."

"నంబరే చెప్పకపోతే గ్యారంటీ దేనికిరా?"

"గది ఇస్తారని గ్యారంటీ బావా. ఏ గదో వాళ్లిష్టం. అందుకే చవగ్గా వచ్చింది."

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా నంబరు పిచ్చి కొత్త కాదు. టెక్కలి కాంప్లెక్సులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేసే పెద్దమనుషుల మీద నేను ఎన్ని వారాలు రాశానో లెక్కలేదు. "ఆ తువ్వాలు సంగతి ఇంక వదిలీండి మాస్టారూ" అని నందిగాం పోస్టాఫీసు ముందు ఒకాయన దండం కూడా పెట్టేశాడు. వదల్లేను. సీటుకి నంబరుంటే గొడవుండదన్నది నా మతం. అలాంటివాడి చేతికి నంబరు లేని టికెట్టు వచ్చింది. డబ్బు ముందే పుచ్చుకుని సరుకు తర్వాత చెప్తామనడం మోసం కాక ఏటని, ఈ వారం కాలమ్ ఆ మంటతోనే మొదలుపెట్టాను.

మధ్యలో జీడిపప్పు కోసం కాశీబుగ్గ వెళ్లాను. అక్కడ ఫ్యాక్టరీ నడిపే పాత శిష్యుడి దగ్గరే ఎప్పుడూ కొంటాను. గ్రేడింగ్ బల్ల దగ్గర ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ముందు పప్పు కుప్ప, చుట్టూ నాలుగు ట్రేలు. కళ్లు కుప్ప మీద, మాటలు పక్కావిడతో. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, మచ్చ పడింది ఇంకోవైపు. పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు తూగితే అది 320 రకం. 220 నుంచి 240 తూగితే 240. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర పెద్దది. రెండు కిలోలు 320 కట్టమని, పనిలో పనిగా నా టికెట్టు గోడు వెళ్లబోసుకున్నాను.

శిష్యుడు నవ్వాడు. "మీరు 320 అడిగేరు. ఏ గుండు కావాలో ఏరుకున్నారేటి మాస్టారూ? రకం చెప్పేరు, నేను కట్టించేను. గదీ అంతే."

"ఆ రకంలో లేకపోతేనో?"

"240 మిగిలిపోయి 320 చాలలేదనుకోండి. పాత ఖాతాదారుని వదులుకుంటానా? 320 ధరకే 240 కట్టిస్తాను. తక్కువ రకం మాత్రం పంపను."

సరిగ్గా ఓడవాళ్లు చేసేదీ అదేనని ఇంటికొచ్చి చదివితే తెలిసింది. గదుల్లో రకాలుంటాయి. కిటికీ లేని లోపలి గది, సముద్రం కనిపించే గది, బాల్కనీ గది, ఆ పైన సూట్. జీటీవై అంటే మీరు కొన్న రకానికి తగ్గకుండా ఇస్తారు, పెంచితే పెంచుతారు. లోపలి గదులు చవక గనక ముందు అవే అయిపోతాయి. అలా ఉన్నవాటికంటే నాలుగెక్కువే అమ్మి, చివర్లో కొందర్ని ఖాళీగా మిగిలిన పైరకానికి ఎక్కిస్తారు. ఓడ కదిలాక ఖాళీ గది పైసా తేదు. మనిషంటూ ఎక్కితే తాగుతాడు, కొంటాడు, జూదమాడతాడు. ఇంకో చిక్కుంది. ఒక్కో వైపు గదులవాళ్లకి ఒక్కో ప్రాణరక్షణ పడవ కేటాయించి ఉంటుంది. ఒకే వైపు ముగ్గురు నలుగురున్న కుటుంబాలు ఎక్కువైతే ఆ పడవ లెక్క తప్పుతుంది. అందుకని ఎక్కడైనా సర్దగలిగే మనుషులు వాళ్లకి కొందరు కావాలి. ఆ సర్దుబాటు సరుకు మేమన్నమాట.

ఆలోచిస్తే ఇది మనకి తెలియని పద్ధతేం కాదు. రైల్లో ఫస్ట్ ఏసీ టికెట్టు కన్ఫర్మ్ అయినా నాలుగు బెర్తుల క్యాబినా, రెండు బెర్తుల కూపేనా అన్నది చార్టు తయారైతేగానీ తెలీదు. తిరుమలలో గది ముందే బుక్ చేసుకున్నా, ఏ సముదాయంలో ఏ గదో కొండెక్కాకే తెలుస్తుంది. అక్కడ మనం కిక్కురుమనం. స్వామి దగ్గర లేని పేచీ ఓడవాడి దగ్గరెందుకని, నా మంట అక్కడికి దాదాపు చల్లారిపోయింది.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు.

మా తాత రంగం వెళ్లొచ్చినవాడు. రంగూన్‌ని మా ఉద్దానంలో రంగమనే అనేవారు. ఈ తీరంలో రంగం డబ్బుతో కట్టిన ఇల్లో, చేయించిన కాసులపేరో లేని ఊరు తక్కువ. బర్మా వాళ్లకి మనమంతా కోరంగీలం. రేవుల్లో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో చేసింది చాలావరకు మనవాళ్లే. బారువ రేవులో స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు, దూరంగా లంగరేసి నిలబడేది. కెరటాల మీంచి నాటు పడవల్లో వెళ్లి దాన్ని ఎక్కాలి. తాతది డెక్కు టికెట్టు. దానికి గదీ లేదు, బెర్తూ లేదు, నంబరూ లేదు. చాప ఎక్కడ పరిస్తే అక్కడ నీ జాగా.

మొదటిసారి ఎక్కినప్పుడు తాత గాలి తగుల్తాదని ముందువైపు పరుచుకున్నాడట. చీకటి పడ్డాక ఓడ ముక్కు లేస్తూ పడుతూ ఉంటే పేగులు నోట్లోకొచ్చేయట. రెండోసారి పొగగొట్టం దగ్గర పరుచుకుంటే తెల్లారేసరికి ఒంటి నిండా బొగ్గునుసి. మూడోసారికి జ్ఞానం వచ్చింది. పడవ స్టీమరుని తాకీ తాకకముందే నిచ్చెన పట్టుకుని, రేకుపెట్టి వెనకున్నవాడికి అప్పజెప్పి, చాప ఒక్కటీ చంకలో పెట్టుకుని ఉరికి, నట్టనడుమ పరిచేసేవాడు. అక్కడ ఊపు తక్కువ. "చాప పడ్డాక జమీందారొచ్చినా లేపలేడు" అనేవాడు. 1941 డిసెంబరులో జపానువాళ్లు రంగం మీద బాంబులేశారు. తాత అంతకు ఏడాది ముందే వచ్చేశాడు గనక ఆ చాప కథ మాకు నవ్వుతూ చెప్పగలిగేవాడు. ఆ బాంబులకి భయపడి కాలినడకన కొండలూ అడవులూ దాటి వచ్చినవాళ్లు మా పక్క వీధిలోనే ఉండేవారు. వాళ్లెప్పుడూ ఏదీ చెప్పేవారు కాదు.

ఈ కథ నేను వందసార్లు విన్నాను. ఆ చాప నా తువ్వాలే అన్న సంగతి మాత్రం ఈ వారమే తట్టింది. ఇన్నేళ్లూ టెక్కలి కాంప్లెక్సులో ఎవర్ని తిట్టానో ఇప్పుడర్థమైంది.

అయినా నంబరు లేకపోవడంలో రెండు రకాలున్నాయి. తాత డెక్కు మీద నంబరు లేదంటే ఎంపిక తాతది, కాళ్లలో సత్తువున్నవాడిది. నా టికెట్టు మీద నంబరు లేదంటే ఎంపిక ఓడవాడిది. జీడిలోనూ ఇంతే. పలాస సంతలో రైతు జీడిపిక్కలమ్మేది 80 కిలోల బస్తా లెక్కన. ఆ బస్తాలో 180 ఎన్ని, 320 ఎన్ని అన్న నంబర్లు ఫ్యాక్టరీ బల్ల మీదే పుడతాయి, ఆ నంబర్ల ధరలూ అక్కడే పుడతాయి. నా శిష్యుడు మంచివాడే. కానీ గుండు ఏరుకున్నారేటని నన్ను అడిగేడు గానీ, తను మాత్రం ప్రతి గుండూ ఏరించే అమ్ముతాడు.

ఈ దెబ్బతో బావమరిదికి మళ్లీ ఫోన్ చేశాను. ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది నంబరుతో కావాలంటే ఎంతన్నాను. మనిషికి ఎనిమిది వేలు అదనమన్నాడు. విశాఖ బస్సెక్కితే తగరపువలస చేరేలోపే నిమ్మకాయ వాసన చూసే మనిషి మా ఆవిడ, కాబట్టి కట్టేద్దామనే నిర్ణయించుకున్నాను. తాత చాప కథంతా ఆవిడకి వినిపించి మరీ చెప్పాను.

"పదహారు వేలకి వాంతుల మాత్రలు ఎన్నొస్తాయో లెక్క కట్టండి ముందు" అంది.

లెక్క కట్టక్కర్లేకపోయింది. టికెట్టు మార్చొద్దని బావమరిదికి చెప్పి, ఊరికే అడుగుతున్నట్టు, "మన గదికి కిటికీ ఉంటుందేట్రా?" అన్నాను.

"లోపలి గది బావా. ఉండదు."

"పైరకానికి ఎక్కిస్తేనో?"

"అప్పుడుంటాది."

ప్రయాణానికి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. 240 పడిందేమోనని రోజూ పొద్దున్నే, మా ఆవిడ లేవకముందే, ఆ టికెట్టు తెరిచి చూస్తున్నాను.